పసిబిడ్డ వినికిడి: మొదటి 21 దినములు



మన యిండ్లలో బిడ్డ పుట్టినదని కబురు రాగానే ఆడుబిడ్డయా, మగబిడ్డయా యని యడుగుదుము. తల్లి క్షేమముగా నున్నదా యని యడుగుదుము. అటుపిమ్మట బరువెంత, ఎవరి పోలిక వచ్చినది, ఏ నక్షత్రమున పుట్టినది అని వరుసగా ప్రశ్నలు సాగును. బిడ్డకు చెవులు వినబడుచున్నవా యని యడుగువారు మాత్రము మిక్కిలి యరుదు. ఇందుకు కారణము లేకపోలేదు. కన్నులలో పొర యున్న కనబడును. కాలు వంకరగా నున్న కనబడును. చెవి కనబడును గాని వినికిడి కనబడదు. చెవిటిగా పుట్టిన బిడ్డయు తక్కిన బిడ్డలవలెనే యేడ్చును, పాలు త్రాగును, నవ్వును. ఆరేడు మాసములు నిండువరకు తల్లికే యనుమానము కలుగదు.

నేటి ప్రసంగమున నేను మనవి చేయదలచిన ముఖ్యవిషయ మొక్కటే. బిడ్డలకు వినికిడి లోపము కలిగించు కారణములలో నొకటి తల్లి గర్భమందే సోకెడి యొక వైరసు. ఆ వైరసు గర్భమందే సోకినదా యని నిశ్చయించుటకు పుట్టిన మొదటి 21 దినములలోనే పరీక్ష జరుగవలెను. ఆ గడువు దాటినచో, పిమ్మట నెంత గొప్ప వైద్యుడైనను ఆ పరీక్షచే నిశ్చయముగా చెప్పజాలడు. ఈ 21 దినములును మన ఆచారము ప్రకారము బాలెంతరాలు గడప దాటని దినములే. కావున ఈ మాట వైద్యులకంటె ముందుగా ఇంటి పెద్దలకు తెలిసియుండవలెను.

మన భాషలో నొక చిత్రమున్నది. "వీడు మాట వినడు" అందుము. ఆ మాటకు చెవికి వినబడదనియు నర్థమే, చెప్పినట్లు చేయడనియు నర్థమే. ఈ రెండర్థముల నడుమ చిక్కుకొని బాధపడిన పిల్లలు మన పల్లెలలో కొల్లలుగా నున్నారు. పిలిచిన పలుకని బిడ్డను పొగరుబోతనిరి. బడిలో పంతులు చెప్పినది మరల చెప్పలేని పిల్లవానిని మందమతి యనిరి. మూడేండ్లు వచ్చినను మాట రాకున్న, "వీని మేనమామకును ఆలస్యముగానే మాటలు వచ్చినవి, తొందరపడకుడు" అని పెద్దలు సమాధానము చెప్పిరి. కొన్ని యిండ్లలో మాటలు త్వరగా వచ్చునని వసకొమ్ము అరగదీసి నాలుకపై రాయుదురు. నాలుకకు లోపము లేనప్పుడు నాలుకపై నేమి రాసిన నేమి ప్రయోజనము? చెవి వినిన గదా నాలుక పలుకును. మాట యనునది మొదట చెవి గుండా లోనికి పోయి, పిమ్మట నోటి గుండా వెలికి వచ్చును. పైగా ఆరు మాసములు నిండువరకు పసిబిడ్డ నోట తల్లిపాలు, వైద్యుడిచ్చిన మందు తప్ప మరేమియు పెట్టరాదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

వినికిడి లోపమునకు కారణము లనేకములు. కొన్ని వంశములలో తరతరములుగా వచ్చును. నెలలు నిండక పుట్టుట, పచ్చకామెర్లు తీవ్రముగా వచ్చుట, మెదడు పొరల వాపు మొదలగునవియు కారణములు. వీనితోపాటు, తల్లికి సోకి గర్భస్థ శిశువునకు ప్రాకెడి వ్యాధులు కొన్ని కలవు. ఈ సంగతి లోకమునకు స్పష్టముగా తెలిసినది 1941వ సంవత్సరమున. ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమందలి నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ అనునతడు, కంటిలో పొరలతో పుట్టుచున్న శిశువు లధికమగుట గమనించి, వారి తల్లులకు గర్భము ధరించిన తొలిమాసములలో రుబెల్లా యను స్వల్పవ్యాధి వచ్చియుండెనని కనుగొనెను. అట్టి శిశువులలో పలువురకు చెవుడు కూడ కలుగుచున్నదని అనతికాలములోనే తేలెను. తల్లికి రెండు మూడు దినములు దద్దురులు, కొంచెము జ్వరము. బిడ్డకు జీవితాంతము చెవుడు. రోగము చిన్నదైనను ఫలము పెద్దదిగా నుండవచ్చునని వైద్యులు నేర్చుకొన్నది నాడే.

రుబెల్లాకు టీకా 1969లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 2017లో తట్టు, రుబెల్లా వ్యాధులకు కలిపి యిచ్చు టీకా కార్యక్రమము ప్రారంభమై, ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును వచ్చినది. నేడు 9 మాసములు నిండిన బిడ్డకు మొదటి మోతాదు, 16 మాసములు నిండిన పిమ్మట రెండవ మోతాదు ఉచితముగా నిచ్చుచున్నారు. ఈ టీకాను ఏ యింటివారును విడువరాదు. నేటి ఆడుబిడ్డ రేపటి తల్లి గదా.

అయితే టీకా లేని మరియొక వైరసు మిగిలియున్నది. దానిపేరు సైటోమెగలో వైరసు. పేరు పెద్దది గావున పొడి అక్షరములతో సీఎంవీ అని పిలుచుచున్నారు. అది సోకిన కణములు ఉబ్బి పెద్దవగును గనుక ఆ పేరు. 1956, 1957 సంవత్సరములలో అమెరికా దేశమున ముగ్గురు పరిశోధకులు దీనిని వేరువేరుగా పెంచి చూపిరి. వారిలో నొకడు, పోలియో వైరసు పరిశోధనకు 1954లో నోబెల్ బహుమానము పంచుకొన్న థామస్ వెల్లర్. నేటి పేరు 1960లో ఆయన పెట్టినదే.

ఈ వైరసు భయంకరమైన మహమ్మారి కాదు. ఇది సర్వసాధారణమైనది. మన దేశమున పెద్దలలో అత్యధికులకు బాల్యమందే యిది సోకియున్నది. మీకును నాకును సోకియుండును. ఆరోగ్యవంతునకు స్వల్పజ్వరము రావచ్చును, రాకపోవచ్చును. అటుపిమ్మట అది దేహమును విడిచిపోదు. పొయ్యిలో నివురుగప్పిన నిప్పువలె లోపలనే అణగియుండి, అప్పుడప్పుడు మేల్కొనును. ఒకమారు సోకిన స్త్రీకి గర్భకాలమున అది మరల మేల్కొనవచ్చును, లేదా అదే జాతిలోని మరియొక తెగ క్రొత్తగా సోకవచ్చును. అట్టి సమయమున మావి గుండా శిశువునకు చేరుట కలదు. కావున మన స్త్రీలకు చిన్ననాడే వచ్చిపోయినది, ఇక భయములేదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

అమెరికా దేశపు లెక్కల ప్రకారము 200 మంది శిశువులలో సుమారు ఒకరు ఈ వైరసుతో పుట్టుచున్నారు. అట్లు పుట్టినవారిలో ఐదుగురిలో నలుగురు ఏ లోపమును లేక పెరుగుదురు. మిగిలిన యొకనికి ఏదో యొక దీర్ఘకాల లోపము కలుగును. అందులో మిక్కిలి సామాన్యమైనది వినికిడి లోపము. ఒక కొందరు పుట్టుకతోనే చిన్నతల, కామెర్లు, ఒంటిపై ఎఱ్ఱని చుక్కలు, కాలేయపు వాపు మొదలగు చిహ్నములతో పుట్టుదురు. అట్టివారిని వైద్యుడు చూడగనే అనుమానించును. కాని అత్యధికులు చూచుటకు సంపూర్ణారోగ్యముతో నుందురు. వారిలోను కొందరకు చెవుడు వచ్చును. కనబడని లోపమును కనబడని వైరసు కలిగించుచున్నప్పుడు, పరీక్ష తప్ప మరియొక దారి లేదు.

ఆ పరీక్ష యెట్టిదో చెప్పెదను. సూది గుచ్చుట లేదు, కోయుట లేదు. చిన్న పుల్ల చివర నున్న దూదిని బిడ్డ బుగ్గ లోపల కొంతసేపుంచి ఉమ్మిని తీయుదురు. తల్లిపాలలోను ఈ వైరసు ఉండవచ్చును గనుక, పాలు త్రాగిన తర్వాత కనీస మొక గంట గడచినపిమ్మట తీయవలెను. ఉమ్మిలో వైరసు కనబడినచో మూత్రమును కూడ పరీక్షించి రూఢి చేసికొందురు. 2020 నాటి కోవిడ్ కాలములో పీసీఆర్ అను పరీక్ష పేరు పల్లెపల్లెకు తెలిసినది గదా. ఇదియు ఆ జాతి పరీక్షయే.

ఇక 21 దినముల గడువెందుకని మీరడుగవచ్చును. పుట్టిన మూడు వారములలోపల ఉమ్మిలోగాని మూత్రములోగాని ఈ వైరసు రూఢిగా కనబడినచో, అది గర్భమందే సోకినదని చెప్పవచ్చును. ప్రసవ సమయమునగాని, పాలవలనగాని, ఇంటివారివలనగాని సోకిన వైరసు ఉమ్మిలోను మూత్రములోను కనబడుటకు కొన్ని వారములు పట్టును. మూడు వారములు దాటిన పిమ్మట వైరసు కనబడినచో, అది గర్భమందు సోకినదో, బయట సోకినదో విడదీసి చెప్పుట సాధ్యముకాదు. బయట సోకినది, నెలలు నిండి పుట్టిన బిడ్డకు సామాన్యముగా కీడు చేయదు. గర్భమందు సోకినదే చెవికి శత్రువు. వరదనీరు చెరువులో కలసిన పిమ్మట ఏ నీరు ఏ వాగునుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు? కలియకముందే చూడవలెను. ఇదియు నట్లే.

ఇప్పుడు మన ఆచారము వంక చూతము. తొలి కాన్పు పుట్టింట జరుగును. ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి నాలుగైదు దినములలో నింటికి వచ్చును. పురుడు వెళ్ళువరకు బాలెంతరాలును బిడ్డయు గది దాటరు. కొందరు 11వ దినమున, కొందరు 21వ దినమున బారసాల చేయుదురు. పలుచోట్ల నాడు బియ్యములో పేరు వ్రాసి, బిడ్డ చెవిలో ఆ పేరు పలుకుదురు. ఆ చెవి ఆ పేరును అందుకొనుచున్నదా యని చూచుకొనుటకు అంతకంటె తగిన సమయమేమున్నది? కాని జరుగుచున్న దేమనగా, పుట్టినప్పటి టీకాల తర్వాత బిడ్డను మరల ఆసుపత్రికి తీసికొనిపోవునది నెలన్నర నిండిన పిమ్మట. అప్పటికి 42 దినములు గడచును. ఈ పరీక్షకు గడువు తీరి మూడు వారములై యుండును. ఆచారమును విడువుడని నేను చెప్పుటలేదు. బాలెంతరాలికి విశ్రాంతియు, బిడ్డకు పరుల స్పర్శ తగులకుండుటయు మంచివే. కాని వైద్యావసరమునకు పురుడు అడ్డు కారాదని ఇంటి పెద్ద నోట నొక్కమాట వచ్చినచో చాలును. ఆ మాట చెప్పుటకు తల్లికి సాహసము చాలదు. కోడలికి అసలే చాలదు. మీరే చెప్పవలెను.

మొదట జరుగవలసినది వినికిడి పరీక్ష. బిడ్డ నిద్రించుచుండగా చెవిలో చిన్న గొట్టము వంటి సాధనము నుంచి మెల్లని ధ్వని పంపుదురు. లోచెవి ఆరోగ్యముగా నున్నచో తిరిగి యొక సన్నని ధ్వని వచ్చును. యంత్రము దానిని గ్రహించును. మరియొక విధమున, నుదుటను చెవుల వెనుకను చిన్న బిళ్ళలంటించి, ధ్వని మెదడునకు చేరుచున్నదా యని చూతురు. రెండును నొప్పి లేనివి, కొద్ది నిమిషములలో ముగియునవి. ఇంటిలో పళ్ళెము మ్రోగించి, చప్పట్లు చరచి చేయు పరీక్ష నమ్మదగినది కాదు. బిడ్డ మన చేయి కదలుటను చూచి ఉలికిపడవచ్చును, పళ్ళెము అదురు దేహమునకు తగులవచ్చును, ఒక చెవి మాత్రమే వినుచుండవచ్చును.

మొదటి పరీక్షలో తేలని బిడ్డలందరును చెవిటివారు కారు. పుట్టిన క్రొత్తలో చెవిలో నున్న నీరు, మురికి వలన కూడ అట్లు జరుగును. అందుచేత రెండవమారు పరీక్షింతురు. ఇచ్చటనే యొక పొరపాటు జరుగుచున్నది. "నెల దాటిన పిమ్మట మరల చూతము" అని వాయిదా వేయుదురు. వినికిడిని మరల చూచుటకు ఆ వాయిదా కొంతవరకు తగును గాని, ఉమ్మి పరీక్షకు తగదు. కావున బిడ్డ మొదటి వినికిడి పరీక్షలో తేలనిచో, "21 దినములలోపల సీఎంవీ పరీక్ష చేయింపవలెనా?" అని వైద్యుని మీరే యడుగుడు. ఈ యొక్క ప్రశ్న గుర్తుంచుకొనిన చాలును.

ఇతర దేశములు ఈ విషయమున ఏమి చేసినవో వినుడు. అమెరికాలోని యూటా రాష్ట్రము 2013లో చట్టము చేసి, వినికిడి పరీక్షలో తేలని శిశువులకు ఈ వైరసు పరీక్ష జరుగవలెనని నిర్ణయించెను. కెనడాలోని ఆంటేరియో రాష్ట్రము 2019 నుండి, శిశువు మడమ నుండి తీసి అట్టపై ఆరబెట్టిన రక్తపు చుక్కలలో ఈ వైరసును వెదకుచున్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము 2023లో శిశువులందరకు ఈ పరీక్ష ప్రారంభించెను. రక్తపు చుక్క పరీక్షలో కొందరు తప్పిపోవుదురు. ఉమ్మి పరీక్ష మరింత నమ్మదగినది. మన దేశమున శిశువులందరకు ఈ వైరసు పరీక్ష చేయు జాతీయ కార్యక్రమము లేదు. కాని వినికిడి లోపమును చిన్ననాడే కనిపెట్టుట 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున చేరియున్నది. దాని క్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రము లేర్పడినవి. కేరళలో ఎర్నాకులము ప్రాంతమున 2003 నుండియే పలు ఆసుపత్రులు కలసి, పుట్టిన బిడ్డల వినికిడిని పరీక్షించు ఏర్పాటు చేసికొన్నవి. ఒక్క యంత్రమును ఆసుపత్రి నుండి ఆసుపత్రికి త్రిప్పుచు పని జరుపుకొనిరి. ధనము కొంచెమైనను పూనిక యున్నచో పని జరుగునని చెప్పుటకు ఇది నిదర్శనము.

ఇచ్చట న్యాయమైన యొక ఆక్షేపణ కలదు. వైరసు ఉన్న ఐదుగురిలో నలుగురకు ఏ లోపమును రానప్పుడు, అందరిని పరీక్షించి తల్లిదండ్రులను భయపెట్టుట యెందుకు? ఈ ప్రశ్న వైద్యులలోను కలదు. అందుచేతనే కొందరు వినికిడి పరీక్షలో తేలని బిడ్డలకు మాత్రమే ఈ పరీక్ష చాలునందురు. ఆ పద్ధతికి ఖర్చు తక్కువ, భయము తక్కువ. కాని దానిలో నొక లొసుగున్నది. ఈ వైరసు వలన చెవుడు వచ్చు పిల్లలలో ఇంచుమించు సగము మంది పుట్టినప్పుడు చక్కగా విందురు. వినికిడి పరీక్షలో తేలుదురు. నెలల పిమ్మట, ఒక్కొక్కప్పుడు ఏండ్ల పిమ్మట, వినికిడి క్రమముగా తగ్గును. ఒక చెవి మొదట పోయి, రెండవది తరువాత పోవుటయు కలదు. మొదటినాడు తేలినాడు గదా యని ఇంటివారు నిశ్చింతగా నుందురు. నా అభిప్రాయమున, అందరకు ఉమ్మి పరీక్ష చేయుటకు శక్తి లేనంతకాలము, తేలని బిడ్డలకైనను తప్పక చేయవలెను. తేలిన బిడ్డల చెవిని మాత్రము బడిలో చేర్చువరకు కనిపెట్టుచుండవలెను. భయము మాటలతో తీర్చదగినది. పోయిన కాలము తీర్చదగినది కాదు.

ఎట్లు కనిపెట్టవలెను? మూడు మాసముల లోపల పెద్ద చప్పుడునకు బిడ్డ ఉలికిపడవలెను. ఆరు మాసములకు తల్లి గొంతు వచ్చిన వైపు తల త్రిప్పవలెను. తొమ్మిది, పది మాసములకు పేరు పెట్టి పిలిచిన చూడవలెను. తాత, అత్త వంటి శబ్దములు పలుకుచుండవలెను. ఏడాదికి అర్థముగల మాట యొకటి రెండు రావలెను. రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకవలెను. ఇందేది జరుగకున్నను, వచ్చిన మాటలు వెనుకపట్టినను, మేనమామ కథ చెప్పుకొనుచు కూర్చుండక చెవి పరీక్ష చేయింపవలెను. వైరసు ఉన్నదని తేలిన బిడ్డకు, చెవి బాగుగా నున్నను, మొదటి యేండ్లలో ఆరేసి మాసముల కొకమారైనను, పిమ్మట బడియీడు వచ్చువరకు ఏటేటను పరీక్ష అవసరము.

తెలిసికొని చేయునదేమి యని మీరనవచ్చును. చేయవలసినది చాల యున్నది. వైరసు చిహ్నములు స్పష్టముగా నున్న బిడ్డలకు వాల్గాన్‌సైక్లోవిర్ అను మందును సామాన్యముగా మొదటి మాసములోనే ప్రారంభించి ఆరు మాసములు వాడుదురు. వారి వినికిడికి దానివలన కొంత మేలు కలుగునని 2015లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. అది సామాన్యమైన మందు కాదు. రక్తములోని తెల్లకణములను తగ్గించును గనుక తరచుగా రక్తపరీక్షలు చేయుచు నిపుణుడైన వైద్యుడే ఇయ్యవలెను. అందరు బిడ్డలకును అది అక్కరలేదు. పోయిన వినికిడిని మరల తెచ్చునని యెవరైనను చెప్పిన నమ్మకుడు.

మందుకంటె ముఖ్యమైనది భాష. మొదటి రెండు మూడేండ్లలో మెదడు మాటను నేర్చుకొనునంత సులభముగా పిమ్మట నేర్చుకొనలేదు. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచ్చట అక్షరాల సరిపోవును. అందుచేత వైద్యులు మూడు గడువులు పెట్టిరి: ఒక మాసములోపల పరీక్ష, మూడు మాసములలోపల నిర్ధారణ, ఆరు మాసములలోపల చికిత్స. కొంచెము వినికిడి యున్నవారికి చెవి యంత్రము, అది చాలనివారికి లోచెవిలో నమర్చు కాక్లియర్ ఇంప్లాంట్ అను సాధనము, దానితోపాటు మాట నేర్పు శిక్షణ కలవు. ఆరోగ్యశ్రీ పథకమున చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేరియున్నది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రము కలదు. వినికిడి పరీక్షకును, శిక్షణకును అచ్చటికి పోవచ్చును. ఇవి యేవియు సరిపడని బిడ్డకు సంజ్ఞాభాష యున్నది. అదియు సంపూర్ణమైన భాషయే. చేతులతో మాటాడు బిడ్డ మూగవాడు కాడు. ఏ భాషయు లేక పెరిగిన బిడ్డయే నిజమైన దిక్కులేనివాడు.

గర్భవతులు జాగ్రత్తపడుటకును మార్గమున్నది. ఈ వైరసు ముఖ్యముగా చిన్నపిల్లల ఉమ్మిలోను మూత్రములోను ఉండును. మన యిండ్లలో తల్లి పెద్దబిడ్డకు గోరుముద్దలు పెట్టి, మిగిలినది పారవేయనేల యని తాను తినును. బిడ్డ యెంగిలి తల్లికి యెంగిలి కాదందుము. ప్రేమకు సంబంధించినంతవరకు ఆ మాట సత్యమే. గర్భవతిగా నున్న తొమ్మిది మాసములు మాత్రము ఆ యెంగిలిని మానవలెను. బిడ్డ మూత్రము, ముక్కు, చొంగ తుడిచిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ముద్దు పెట్టుకొనదలచిన పెదవులపై గాక నుదుటిపై పెట్టుకొనవలెను. ఎంగిలి యను పట్టింపు మన పూర్వులు పెట్టినదే గదా. దానిని సరియైన చోట వాడుకొనుట మనకు కష్టము కాదు.

మరి రెండు మాటలు. వైరసు ఉన్నదని తేలిన బిడ్డను అంటరాని వానిగా చూడరాదు. ఇంటిలోని పెద్దలలో అత్యధికులకు అది యిదివరకే సోకియున్నది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు తల్లిపాలు మానిపింప నక్కరలేదు. రెండవది, తల్లిని నిందింపరాదు. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, అశుభ నక్షత్రమున కన్నదనియు, ఆమె వంశమున దోషమున్నదనియు మాటలు పుట్టును. ఆ మాటలకు భయపడియే పలువురు తల్లులు బిడ్డ చెవిటితనమును దాచుదురు. దాచిన ప్రతి మాసమును బిడ్డ నష్టపోవుచున్నాడు. వైరసునకు గ్రహణముతో పనిలేదు. ఆ నిందను మాన్పగలవారు ఊరి పెద్దలే.

కావున నేను కోరునది యిది. మీ యింటగాని, మీ యూరగాని కాన్పు జరిగినప్పుడు, వినికిడి పరీక్ష జరిగినదా యని ఆసుపత్రి విడువకముందే అడుగుడు. జరుగకున్నచో ఎచ్చట జరుగునో ఆశా కార్యకర్తనుగాని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునిగాని అడిగి, మొదటి పక్షములోనే పంపుడు. బిడ్డ తేలనిచో 21 దినములలోపల ఉమ్మి పరీక్ష సంగతి అడుగుడు. పరీక్ష కాగితములను టీకా కార్డుతోపాటు భద్రపరచుడు. మీ ప్రాంతపు ఆసుపత్రిలో వినికిడి యంత్రము లేనిచో, అది కావలెనని పంచాయతీ తీర్మానము చేసి పంపుడు. రోడ్డునకును మంచినీటికిని తీర్మానములు చేయుచున్నాము. పుట్టిన బిడ్డల చెవులకొరకు నొక తీర్మానము అధికము కాదు.

పురిటి గది వాకిట నిలువబడి తీర్పు చెప్పు అధికారము మన సమాజమున ఇంటి పెద్దకున్నది. ఆ మూడు వారములలో నొక్క దినము ఆ వాకిలి తెరచి, తల్లిని బిడ్డను బండి యెక్కించి పంపినచో, ఆ బిడ్డ జీవితాంతము మీకు ఋణపడియుండును.